బాయిలోని గాలి, బండిలోని పొయ్యి

గోదావరిఖని గనులలో, మనవారి మాటలో బాయిలలో, దిగు కార్మికుడు భూగర్భమున ఎన్ని శ్రమలకు లోనైనను, ఒక విషయములో మాత్రము అతని భారమును చట్టము తానే వహించినది: అతడు పీల్చు గాలి ఎట్టిదై యుండవలెనో, అందు ప్రాణవాయువు నూటికి ఎంతకు తగ్గరాదో, విషవాయువు ఎంతకు మించరాదో అంకెలతో నిర్ణయించి, ఆ నిర్ణయము అమలగుచున్నదో లేదో చూచుటకు సర్దారును, ఓవర్‌మనును, వెంటిలేషన్ అధికారిని నియమించి, షిఫ్టు మొదలు కాకమునుపే వారు పరీక్ష ముగించునట్లు ఏర్పాటు చేసినది. ఆ కార్మికుడే సెలవు దినములలో భార్యాబిడ్డలతోను, ఇరుగుపొరుగువారితోను కలిసి ఒక వ్యాను మాట్లాడుకొని, మేడారము జాతరకో, కాళేశ్వరమునకో, శబరిమలకో, కాశీకో బయలుదేరునపుడు, బియ్యపు మూట ప్రక్కన ఒక గ్యాసు సిలిండరును, రెండు బర్నర్ల పొయ్యిని కూడ ఎక్కించుకొనును. దారిలో చలికో, వానకో వెరచి తలుపులు మూసి లోపలనే పొయ్యి వెలిగించిన క్షణమునుండి, అతని చుట్టునున్న గాలిని పరీక్షించువాడు ఎవ్వడును లేడు.

ఈ వ్యత్యాసమును గూర్చి మన ప్రాంతమువారు తీవ్రముగా ఆలోచింపవలసి యున్నది. వాహనమునే ఇల్లుగా చేసికొని తిరుగు అలవాటు మన దేశమున క్రొత్తగా వ్యాపించుచున్నది. సినిమా నటులు విశ్రమించు వాహనములుగా తెలుగువారికి పరిచయమైన కారవ్యానులు ఇప్పుడు యాత్రికులకు కూడ అద్దెకు దొరకుచున్నవి. అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువగా, సామాన్య కుటుంబములు అద్దె వ్యానులలోను, టెంపోలలోను, డీసీఎం బండ్లలోను వంటసామగ్రితో దూరప్రయాణములు చేయుచున్నవి. ఆ బండి యెట్టిదైనను, దాని లోపల గ్యాసు పొయ్యి మండినపుడు పనిచేయు ప్రకృతి నియమములు, వందల అడుగుల లోతున బొగ్గుపొరలో పనిచేయు నియమములే. గనికి సంబంధించిన గాలి శాస్త్రమును వంద సంవత్సరములకు పైగా అభ్యసించిన ఈ నేలవారికి, బండిలోని పొయ్యిని గూర్చి క్రొత్తగా నేర్వవలసినది స్వల్పము. నేర్చిన దానిని బాయి గట్టుమీద విడిచిపెట్టక వెంట తీసికొనిపోవుటయే కావలసినది.

గని నేర్పిన పాఠము

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగు 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండున ఏర్పడిన హైదరాబాదు (దక్కను) కంపెనీ అక్కడ త్రవ్వకము హక్కులు పొందెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో అవతరించెను. ఇల్లెందు, కొత్తగూడెము, బెల్లంపల్లి గనుల పిమ్మట గోదావరి యొడ్డున రామగుండము గనులు తెరువబడి, అడవియు పొలములును ఉన్నచోట గోదావరిఖని యను పట్టణము వెలసినది. ఈ చరిత్రలో బొగ్గు ఎంత దూరము నడచినదో, బొగ్గుతోపాటు గాలిని గూర్చిన భయభక్తులును అంత దూరము నడచినవి.

బొగ్గుపొరలో చిక్కుకొనియున్న మీథేను వాయువు, పొరను కొట్టినపుడు బయల్వెడలును. అది గాలికంటె తేలిక. గాలి బరువులో రమారమి సగమే దాని బరువు. అందువలన అది గని పైకప్పునకు ఎగబ్రాకి, గుహలవంటి గుంటలలో పొరలుగా నిలుచును. గాలిలో అది నూటికి 5 పాళ్లు మొదలు 15 పాళ్ల వరకు ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలినచో ప్రేలును. ఐతే ప్రేలుడు హద్దు 5 గదా యని మన గనుల చట్టము 5 వరకు ఓపిక పట్టదు, 1.25 శాతము కనబడగానే విద్యుత్తును నిలిపివేసి, మనుష్యులను వెలుపలికి పంపవలెనని శాసించుచున్నది. అనగా ప్రమాదపు హద్దులో నాలుగవ వంతుననే మేల్కొనుమని దాని యుద్దేశము. ఇదిగాక, పనిచోటి గాలిలో ప్రాణవాయువు 19 శాతమునకు తగ్గరాదనియు, బొగ్గుపులుసు వాయువు అర శాతమును మించరాదనియు, కార్బన్ మోనాక్సైడు పది లక్షల పాళ్లలో 50 పాళ్లు దాటరాదనియు, ప్రతి మనిషికి నిమిషమునకు కనీసము 6 ఘనమీటర్ల గాలి అందవలెననియు నియమములు గలవు. గని ముఖద్వారమువద్ద రేయింబవళ్లు తిరుగు ఫ్యాను ఈ నియమముల కొరకే తిరుగుచున్నది.

పూర్వము గాలిని పరీక్షించుటకు మంటయే సాధనము. 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన రక్షణదీపమునందు, జ్వాల చుట్టు సన్నని తీగలతో అల్లిన జల్లెడ యుండును. లోపలి మంట వేడిని ఆ జల్లెడ హరించుటచే, ఆ మంట వెలుపలి వాయువును అంటింపలేదు. మీథేను ఉన్నచోట ఆ దీపజ్వాల మీద లేత నీలిరంగు టోపీ ఒకటి లేచును. దాని యెత్తును బట్టి అనుభవజ్ఞుడు వాయువు శాతమును చెప్పగలడు. ప్రాణవాయువు తగ్గినచోట అదే జ్వాల క్రుంగి, మసకబారి, ఆరిపోవును. అంతకంటె కపటియైన కార్బన్ మోనాక్సైడును మాత్రము దీపము పట్టలేదు. ఆ పని కొరకు జాన్ స్కాట్ హాల్డేను అను శరీరధర్మ శాస్త్రవేత్త 19వ శతాబ్ది చివర, బ్రిటను గనుల ప్రేలుళ్లలో మరణించినవారిలో పెక్కుమంది మంటవలన గాక ఈ వాయువు వలననే మరణించిరని నిరూపించి, మనిషికంటె ముందుగా సొమ్మసిల్లు చిన్న పక్షులను గనిలోనికి కొనిపోవలెనని సలహా నిచ్చెను. పక్షుల స్థానమున నేడు విద్యుత్ పరికరములు వచ్చినవి. కాని జ్వాల యొక్క రంగును, నడవడిని చూచి గాలి స్థితిని గుర్తించు విద్య ఇప్పటికిని వంటయింటిలో అక్కరకు వచ్చును.

పైకప్పు గాదు, నేల

వంటగ్యాసు మీథేను గాదు. ఈ ఒక్క భేదమును గని ప్రాంతమువారు ముందుగా గుర్తింపవలెను. సిలిండరులో నుండునది ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. పీడనముచే ద్రవముగా మార్చబడి అందు నిండియుండును. ఆ ద్రవము బయటికి వచ్చి వాయువైనపుడు తన ఘనపరిమాణమునకు దాదాపు 250 రెట్లు వ్యాపించును. ప్రొపేను గాలికంటె ఒకటిన్నర రెట్లు, బ్యూటేను రెండు రెట్లు బరువు. మీథేను కొరకు గనికార్మికుడు తలయెత్తి పైకప్పును చూచును. వంటగ్యాసు కొరకు మనము తలవంచి నేలను చూడవలెను. లీకైన గ్యాసు ఒలికిన నూనెవలె నేలమీద పారి, సీట్ల క్రింద, మంచపు పెట్టె లోపల, బండి అడుగున పల్లముగా ఉన్న ప్రతి మూలలో నిలుచును. పైనున్న కిటికీ ఎంత విశాలముగా తెరచినను, క్రింద నిలిచిన వాయువు దానంతట అది ఆ కిటికీని చేరి పోజాలదు.

వంటగ్యాసు ప్రేలుటకు గాలిలో నూటికి 2 పాళ్లు చాలును; 9 పాళ్లు దాటిన పిమ్మట గాలి చాలక మండదు. స్వభావముచే వాసన లేని ఈ వాయువునకు ఇథైల్ మెర్కాప్టాను అను దుర్గంధ ద్రవ్యమును కలుపుటలోని ఉద్దేశము, ప్రేలుడు హద్దులో అయిదవ వంతు మాత్రమే గ్యాసు ఉన్నప్పుడే ముక్కునకు తెలియవలెనని. గని చట్టము నాలుగవ వంతున హెచ్చరించుచున్నది. ఈ వాసన అయిదవ వంతుననే హెచ్చరించుచున్నది. కనుక గ్యాసు వాసన యనగా ఉపేక్షింపదగిన అసౌకర్యము కాదు. సర్దారు పెట్టిన కేక యని భావింపవలెను. అయినను ఈ కాపరికి పరిమితులు గలవు: నిద్రించువానిని వాసన మేల్కొలుపదు; జలుబు చేసినవానికి అది తెలియదు; కొంతసేపు ఆ వాసనలో నున్నవాని ముక్కు దానికి అలవాటుపడి, వాయువు పెరుగుచున్నను తగ్గినట్లు భ్రమించును.

ఇప్పుడు చిన్న లెక్క యొకటి వేయుదము. నాలుగు మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, అంతే ఎత్తు గల వ్యాను లోపలి చోటు సుమారు 13 ఘనమీటర్లు. ఆ చోటునంతటిని ప్రేలుడు స్థితికి తెచ్చుటకు అర కిలోకు కొంచెము మించిన గ్యాసు చాలును. ఇంటికి వచ్చు సిలిండరులో 14.2 కిలోలు ఉండును గదా! ఐతే బరువైన ఆ వాయువు సమముగా కలియక నేలమీది అడుగు మందమైన పొరలోనే నిలిచినచో, వంద గ్రాముల లోపుననే ఆ పొర ప్రేలుడు స్థితిని పొందును. పెద్ద బర్నరు గంటకు సుమారు 200 గ్రాముల గ్యాసును ఖర్చుచేయును. పాలు పొంగియో, గాలి విసరియో మంట ఆరిపోయి, తిప్పిన కాడ తిప్పినట్లే యున్నచో, అరగంటలో వంద గ్రాములు నేలమీద పరచుకొనును. ఆ పిమ్మట డ్రైవరు తాళము త్రిప్పినప్పుడు స్టార్టరులో పుట్టు నిప్పురవ్వయే చాలును. ఇల్లు విశాలమగుటచే, తలుపుల సందులనుండి గాలి యాడుటచే, ఇంటిలో మనలను మన్నించిన పొరపాటును బండి మన్నింపదు.

మంట తిను గాలి

లీకు లేకున్నంత మాత్రమున అపాయము తప్పినదని తలపరాదు; సక్రమముగా మండు పొయ్యికి కూడ గాలి కావలెను. ఒక కిలో గ్యాసు సంపూర్ణముగా దహనమగుటకు సుమారు 12 ఘనమీటర్ల గాలి వలయును; ఆ దహనమునుండి మూడు కిలోల బొగ్గుపులుసు వాయువును, ఒకటిన్నర కిలోలకు పైగా నీటియావిరియు పుట్టును. పైన చెప్పిన 13 ఘనమీటర్ల వ్యానును గాలి దూరకుండ మూసి, పెద్ద బర్నరును గంటసేపు మండించినచో ఏమగునో లెక్కింపుడు: 20.9 శాతముగా నున్న ప్రాణవాయువు 17 శాతమునకు లోబడును. బొగ్గుపులుసు వాయువు రెండున్నర శాతమునకు చేరును. గని చట్టము ఈ వాయువునకు విధించిన హద్దు అర శాతము. అనగా దానికి అయిదు రెట్లు. ప్రాణవాయువు విషయమున 19 శాతపు హద్దును ఆ బండి అరగంటలోపుననే అతిక్రమించును. అట్టి గాలి గల చోటునుండి గనికార్మికులను వెలుపలికి పంపివేయుదురు. అట్టి గాలిలోనే మనము బిడ్డలను పడుకొనబెట్టుచున్నాము. నిజమైన బండికి కొన్ని సందులుండుటచే ఈ లెక్క కొంత మందగించును. కాని చలికాలమున ఆ సందులలో గుడ్డలు కూరువారును ఉన్నారు, అప్పుడు లెక్క లెక్కగానే నిలుచును.

ప్రాణవాయువు తగ్గుకొలది మంట స్వభావము మారును. చాలినంత గాలి యున్నంతవరకు జ్వాల నిలుకడగా, నీలముగా మండును. గాలి చాలనపుడు జ్వాల పొడవై, పసుపై, కొనలు అల్లాడుచు, గిన్నె అడుగున మసి పట్టించును. ఇంధనములోని కర్బనము సంపూర్ణముగా దహింపక కార్బన్ మోనాక్సైడుగా మిగులుచున్నదనుటకు ఇది సాక్ష్యము. బర్నరు రంధ్రములు మూసికొనిపోయినను, గాలి దూరుచోట దుమ్ము పేరుకొన్నను, బర్నరు వైశాల్యమునకు మించిన పెద్ద గిన్నె పెట్టి మంటను నొక్కివేసినను ఇదే దోషము కలుగును. డేవీ దీపమును చూచి గనిలో గాలిని చదివిన పెద్దల విద్యను పొయ్యిముందు కూర్చున్న ప్రతివారును ఈ మాత్రము అభ్యసింపవలెను: నీలిమంట పసుపైన వెంటనే పొయ్యి ఆర్పి, తలుపు తెరువవలెను.

కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. వంటగ్యాసునకు కలిపిన దుర్గంధము సైతము మంటలో దహనమైపోవుటచే ఇక్కడ మనకు సాయపడదు. రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువును మోయుటకు ఏర్పడినది. కాని అది ప్రాణవాయువును పట్టుకొనుటకంటె 200 రెట్లకు పైగా బలముతో కార్బన్ మోనాక్సైడును పట్టుకొనును, పట్టుకొని తొందరగా విడువదు. అందువలన గాలిలో ఆ వాయువు లేశమాత్రముగా ఉన్నను, గంటల కొలది పీల్చినచో రక్తము ప్రాణవాయువును అందింపలేని స్థితికి వచ్చును. మొదట తలనొప్పి, తరువాత వికారము, తలతిరుగుడు, కాళ్లలో సత్తువ లేకపోవుట, మగత. ప్రయాణపు బడలికయనియో, దారిలో తిన్న తిండి పడలేదనియో ఈ లక్షణములను పొరబడుట అతి సులభము. బండిలోని వారందరికి ఒకేసారి తలనొప్పి వచ్చుట, వెలుపలికి రాగానే తగ్గుట, మరల లోనికి పోగానే వచ్చుట, ఈ మూడును కలిసినచో వేరు కారణమును వెదకరాదు.

ఇవి పుస్తకములలోని భయములు మాత్రమే కావు. 2020 జనవరిలో నేపాలు దేశపు దామన్ అను కొండయూరిలో, కేరళనుండి పోయిన యాత్రికులలో ఎనమండుగురు, అందు నలుగురు పిల్లలు, చలికి తాళలేక గ్యాసు హీటరు వెలిగించి తలుపులు, కిటికీలు బిగించుకొని నిద్రించి, తెల్లవారునప్పటికి మరి లేవలేదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు ప్రక్కన నిలిపియున్న కారవ్యానులో ఇద్దరు మరణించి కనబడిరి. కోళిక్కోడు ఎన్‌ఐటీ నిపుణులు ఆ బండిలోనే పరీక్ష జరిపి, జెనరేటరు పొగ అడుగున ఉన్న రంధ్రముగుండ లోనికి ప్రవేశించి, రెండు గంటలలో కార్బన్ మోనాక్సైడు పది లక్షల పాళ్లకు 957 పాళ్లకు చేరినదని తేల్చిరి. గనిలో అనుమతించు 50 పాళ్లతో ఆ సంఖ్యను పోల్చి చూడుడు. హీటరైనను, జెనరేటరైనను, పొయ్యియైనను వాయువు ఒక్కటే, మూసిన చోటు ఒక్కటే, ఫలితమును ఒక్కటే.

బొగ్గు కుంపటిని గూర్చి ఈ సందర్భమున ప్రత్యేకముగా చెప్పవలెను. ఏలయనగా మన గని ప్రాంతమున బొగ్గు చేతికందు వస్తువు. వంట ముగిసిన తరువాత కణకణలాడు నిప్పులను పళ్లెములోనో, బకెటులోనో పోసి వెచ్చదనము కొరకు బండిలో పెట్టుకొనుట కంటె ప్రాణాంతకమైన పని లేదు. పొగ తగ్గినది గదా యని నిబ్బరపడరాదు. పొగ లేని నిప్పులే కార్బన్ మోనాక్సైడును అధికముగా విడుచును. రామగుండములో 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడిన పాత ఎరువుల కర్మాగారము బొగ్గునుండి వాయువును తీసినదే. ఆ వాయువులో కార్బన్ మోనాక్సైడు ప్రధానమైన భాగము. నిపుణులు ఉక్కు పాత్రలలో బంధించి, గొట్టములలో నడిపి, మీటర్లతో కావలి కాచి ఉపయోగించిన ఆ వాయువునే, బకెటులోని నిప్పులు నిద్రించువారి తలాపున ఊరక విడుచుచుండును.

మంటయు ప్రయాణమును

నిలిచియున్న చోటను ఇంత జాగ్రత్త వలసినపుడు, చక్రములమీద కదలు చోట మరింత వలయును. 2023 ఆగస్టు 26వ తేదీ తెల్లవారుజామున మదురై స్టేషను యార్డులో, ఉత్తరప్రదేశమునుండి రామేశ్వరయాత్రకు వచ్చినవారి ప్రత్యేక రైలు పెట్టెలో నిప్పు పుట్టి తొమ్మండుగురు దగ్ధమైరి. నిషేధమును లెక్కచేయక లోనికి తెచ్చిన గ్యాసు సిలిండరుతో టీ కాచుకొనుచుండగా ఆ మంటలు లేచినవి. రైలులో మండు పదార్థములను తీసికొనిపోవువారికి 1989 రైల్వే చట్టపు 164వ సెక్షను మూడేండ్ల వరకు శిక్షను విధించుచున్నది. మన ప్రాంతమునుండి రైలు పెట్టెలను మాట్లాడుకొని కాశీ రామేశ్వరములకు పోవు బృందములు, వంటవారిని వెంటబెట్టుకొని పోవు అయ్యప్ప స్వాముల బృందములు ఈ ఘటనను చదివి మరువరాదు. రైలులోను, ఆర్టీసీ బస్సులోను గ్యాసు సిలిండరు ఉండరాదు. స్వంత బండిలో తీసికొనిపోవలసివచ్చినచో నియమములు పాటింపవలెను.

మొదటి నియమము: సాధ్యమైనంతవరకు వంట బండి వెలుపలనే చేయవలెను. గోదావరి యొడ్డున ఇసుకతిన్నెలు, చెట్ల నీడలు, యాత్రాస్థలముల సత్రములు మనకు కొరత కాదు. గాలివాటును చూచి, బండికి ఎడముగా, సమతలమైన నేలమీద పొయ్యి పెట్టినచో, పైన చెప్పిన అపాయములలో ముప్పాతిక భాగము ఆ క్షణముననే తొలగును.

బండి లోపలనే వంట చేయునట్లు నిర్మించిన కారవ్యానైనచో, సిలిండరు కొరకు వేరుగా ఒక అర ఉండవలెను. ఆ అరకు బండి లోపలినుండి ఏ సందును ఉండరాదు, దాని తలుపు వెలుపలి ప్రక్కకు తెరచుకొనవలెను, దాని అడుగున భూమివైపు రంధ్రములుండి, లీకైన వాయువు బరువుచే క్రిందికి జారి బయటికి పోవలెను. బండి నేలలో కూడ అట్టి రంధ్రములు, పైన మూతపడని గాలిద్వారములు అవశ్యము: క్రింది రంధ్రము లీకైన గ్యాసునకు, పై ద్వారము వేడెక్కిన పొగకు. చలివేయుచున్నదని వీనిని మూయుట గని ఫ్యానును ఆపుటతో సమానమైన అపరాధము. మంట ఆరినపుడు గ్యాసును తానే నిలిపివేయు మీట గల పొయ్యినే అమర్చుకొనవలెను. హెచ్చరిక పరికరములు రెండు వేరువేరు: గ్యాసు లీకును కనిపెట్టునది నేలకు దగ్గరగా ఉండవలెను, కార్బన్ మోనాక్సైడును కనిపెట్టునది పడుకొన్నవారి ముఖముల యెత్తున ఉండవలెను. ఒకటి రెండవదానికి బదులుగా పనిచేయదు.

సిలిండరు ఎల్లప్పుడు నిలువుగా, కదలకుండ పట్టీతో బిగింపబడి యుండవలెను. పడుకొనబెట్టినచో వాయువునకు బదులు ద్రవమే రెగ్యులేటరులోనికి వచ్చి, బర్నరువద్ద మంట మనిషి యెత్తు లేచును. బండి కదలునపుడు రెగ్యులేటరు మూసి, విప్పి, సిలిండరు మూతిపై టోపీ బిగింపవలెను. కదలు బండిలో పొయ్యి ఎన్నడును వెలిగింపరాదు. పొయ్యి సిలిండరు కంటె ఎత్తైన చోట నుండవలెను. రబ్బరు గొట్టము ఐ.ఎస్.ఐ. గుర్తు గల సురక్షా గొట్టమై, మీటరున్నర పొడవునకు మించక, అయిదేండ్లకొకసారి మార్చబడవలెను. కుదుపులకు గొట్టపు కొసలు వదులగుట సహజము గనుక, ప్రతి మజిలీయందును సబ్బునీరు పూసి బుడగలు లేచునేమో చూడవలెను. అగ్గిపుల్లతో లీకును వెదకుట ప్రాణములతో పందెము కాయుట. సిలిండరు కాడలమీద అక్షరముతో కూడిన రెండంకెల సంఖ్య యుండును: ఏ, బీ, సీ, డీ అక్షరములు సంవత్సరపు నాలుగు త్రైమాసములకు, అంకెలు సంవత్సరమునకు గుర్తు; ఆ గడువు దాటిన సిలిండరును స్వీకరింపరాదు. పెద్ద సిలిండరునుండి గుర్తింపు లేని చిన్న సిలిండరులోనికి దొంగచాటుగా గ్యాసు ఎక్కించి అమ్మువారి వద్ద కొనరాదు. ఆయిల్ కంపెనీలు న్యాయముగా అమ్ము 5 కిలోల సిలిండరు దొరకుచుండగా ఆ అపాయమునకు అవసరము లేదు.

మన రామగుండపు ఎండ ఇంకొక పరీక్ష. వేసవిలో 45 డిగ్రీలు దాటు ఇక్కడి పగటియెండలో, అద్దములు బిగించి నిలిపిన బండి లోపల వేడిమి 60 డిగ్రీల వరకు పోగలదు. ద్రవము వేడిచే వ్యాకోచించునని తెలిసియే సిలిండరులో సుమారు అయిదవ వంతు ఖాళీ యుంచి నింపుదురు. నియమము మీరి పొంగ నింపిన దొంగ సిలిండరులో ఆ ఖాళీ యుండదు. కనుక నీడలేని చోట సిలిండరుతో బండిని బిగించి పోరాదు. చేతిలో పట్టు బ్యూటేను డబ్బా పొయ్యిలమీద పెద్ద గిన్నెలు, వెడల్పు పెనములు పెట్టుట కూడ ఇదే కారణముచే కూడదు. గిన్నె అంచు డబ్బాపై వరకు వ్యాపించి మంట వేడిని దానిమీదికి మరల్చును, డబ్బా పగులును. బదరీ కేదారముల చలిలో ఇందుకు విరుద్ధమైన చిక్కు వచ్చును: బ్యూటేను సున్న డిగ్రీల దగ్గర ఆవిరి యగుట మాని, మంట క్రుంగును. అప్పుడు సిలిండరు క్రింద నిప్పు పెట్టి వెచ్చచేయువారు గలరు. మృత్యువును స్వయముగా ఆహ్వానించుట ఇంతకంటె వేరొకటి లేదు.

వాసన తగిలినపుడు ఆచరింపవలసిన క్రమము నోటికి వచ్చియుండవలెను: మంట ఆర్పవలెను, రెగ్యులేటరు మూయవలెను, దీపముగాని, ఫ్యానుగాని వేయరాదు, వెలుగుచున్నదానిని ఆర్పనురాదు, ఇంజను త్రిప్పరాదు, ఫోను వెలుపలికి పోయిన తరువాతనే వాడవలెను, అందరును దిగి, అన్ని తలుపులు తెరచి, గాలి బండి నేలను ఊడ్చుకొని పోవునట్లు చేసి, దూరముననుండి 1906 నంబరునకు తెలుపవలెను. తలనొప్పితో, మగతతో ఎవరైన పడియున్నచో, ముందు వారిని శుభ్రమైన గాలిలోనికి చేర్చి, 108కి కబురు చేసి, గ్యాసు పట్టినదని వైద్యునకు స్పష్టముగా చెప్పవలెను. ఆ మాట చెప్పినచో ప్రాణవాయువు చికిత్స ఆలస్యము కాదు.

ఒక సర్దారు కావలెను

ఈ నియమములన్నియు తెలిసినవారు మన కాలనీలలో వేలమంది ఉన్నారు. గనుల రక్షణ కేంద్రములలో శ్వాసయంత్రము ధరించి విషవాయువుల నడుమకు పోవుటకు తరిఫీదు పొందినవారు మన ఇరుగుపొరుగువారే. లోపము జ్ఞానములో లేదు. ఆ జ్ఞానము ఉద్యోగమునకు చెందినదని, సంసారమునకు చెందినది కాదని తలచుటలో ఉన్నది. గనిలో భద్రత కేవలము మనుష్యుల మంచితనము మీద ఆధారపడియుండలేదు. పరీక్షించుటకు ఒక మనిషి, పరీక్షించుటకు ఒక వేళ, మించరాని ఒక హద్దు, మించినచో వెంటనే చేయవలసిన ఒక పని, ఈ నాలుగును ఏర్పడినందుననే గాలి వలన జరుగు మరణములు తగ్గినవి. బండికి కూడ ఈ నాలుగును ఏర్పరచుట కష్టమేమి? బయలుదేరు ప్రతి బృందమును, వంటవారిని నియమించుకొన్నట్లే గ్యాసునకు ఒక బాధ్యుని నియమించుకొనవలెను. అతడు వంటకు ముందును, పడుకొనబోవు ముందును, బండి కదలక ముందును గొట్టమును, రెగ్యులేటరును, గాలిద్వారములను చూడవలెను. పసుపుమంట, గ్యాసు వాసన, అందరికి తలనొప్పి, ఈ మూడింటిలో ఏది కనబడినను పొయ్యి ఆర్పించి అందరిని దింపు అధికారము, అతడు వయస్సులో చిన్నవాడైనను, అతనికి ఉండవలెను.

2015 జూలైలో జరిగిన గోదావరి పుష్కరములు పన్నెండేండ్లకు మరల రానున్నవి. రెండేండ్లకొకసారి మాఘమాసమున మేడారము దారులన్నియు బండ్లతో నిండును. ఆ దినములలో లక్షలాది కుటుంబములు చక్రములమీది ఇండ్లలో వండుకొని, నిద్రించును. కార్మిక సంఘములు, మహిళా సంఘములు, యువజనులు ఆ యాత్రలకు ముందుగా కాలనీలలో అరగంట సేపు ఈ విషయము చెప్పించినచో, సిలిండరు గడువును, సబ్బునీటి పరీక్షను కండ్లకు కట్టునట్లు చూపించినచో, దానికి కాగల వ్యయము శూన్యము. బొగ్గు కొరకు భూగర్భమునకు దిగిన మనిషి సురక్షితముగా ఇంటికి చేరుటకు మన సమాజము ఒక శాస్త్రమును, ఒక చట్టమును, ఒక క్రమశిక్షణను నిర్మించుకొన్నది. దేవుని దర్శనమునకో, విహారమునకో బయలుదేరిన అతని భార్యాబిడ్డలు సైతము అదే శాస్త్రమునకు, అదే క్రమశిక్షణకు హక్కుదారులు. ఆ హక్కును వారికి ఇచ్చుటకు ఏ ప్రభుత్వోత్తరువు కొరకును ఎదురుచూడనక్కరలేదు. రేపు బయలుదేరు బండినుండియే ప్రారంభింపవచ్చును.